ఇరవై రెండు నోట్ల ముడుపు

పోయిన వారం చెంగల్రాయుణ్ణి దేవుడి గూటి ముందు, ముడుపు చేతుల్లో ఉండగా వదిలి వచ్చాము. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

తమిళ లెక్క పెరటాసి నెల మూడో శనివారం కొండకు పోయి స్వామి హుండీలో వేయవలసిన ముడుపు అది. ఇరవై ఏళ్ళ కిందట చెంగల్రాయుడు కామెర్లతో చావుబతుకుల్లో పడి ఉన్నప్పుడు తల్లి దేవకమ్మ మొక్కుకుంది. వీడు బతికి సొంత మగ్గం ఆడిస్తే ఒక మగ్గం ఖరీదు నీకు ఇస్తాను స్వామీ అని. ఆ రోజుల్లో నగరిలో పాత పవర్‌లూమ్ మగ్గం ఇరవై రెండు వేలు. ఆమె ఊళ్ళో వాళ్ళ మగ్గాలకు నూలు కండెలు చుట్టి, ఆ కూలిలో మిగిల్చి, వెయ్యి పోగైనప్పుడల్లా అంగట్లో పెద్ద నోటుగా మార్చి పసుపు గుడ్డలో పెట్టింది. ఇరవై రెండు నోట్లు నిండడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. నిండిన రోజు బిగించి ముడి వేసి, పసుపు నీళ్ళు చల్లి, గూట్లో పెట్టింది. ఒకసారి బిగించిన ముడుపును కొండ మీద తప్ప ఇంట్లో విప్పకూడదు. ఆ ఇంట్లో అది కట్టుబాటు.

మగ్గాలైతే వచ్చాయి. అప్పు తీరేదాకా అవి బ్యాంకు మగ్గాలే గానీ మనవి కావని ఆమె పట్టుబట్టింది. ఆ అప్పు మొన్న ఆషాఢంలో తీరింది. ఇక దించుదామని చెంగల్రాయుడు గూట్లో చెయ్యి పెడితే, ముడుపు బరువుగా తగిలింది.

ఇరవై రెండు కాగితాలకు ఉండే బరువు కాదు అది. గట్టిగా, చల్లగా, ఇటుక ముక్క లాగా ఏదో ఉంది లోపల.

అతను ముడుపును ఎక్కడిదక్కడ పెట్టేసి, చెంపలు వేసుకుని, చొక్కా తగిలించుకుని బయటికి వచ్చాడు. మగ్గాల షెడ్డులో నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. వాటి చప్పుడులో ఆలోచించడం అతనికి అలవాటే. కానీ ఆ పొద్దు ఆలోచన ఒక్కచోటికే పోయి తగులుకుంటోంది. ఎవరో ముడుపు విప్పారు.

అతనికి ఇంకొక భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకోనిది. తొమ్మిదేళ్ళ కిందట వెయ్యి నోటు చెల్లదని ఒక సాయంత్రం టీవీలో చెప్పారు. ఊరంతా బ్యాంకు ముందు నిలబడింది. చెంగల్రాయుడూ నిలబడ్డాడు, కూలివాళ్ళకు ఇవ్వవలసిన నోట్లు పట్టుకుని. వరుసలో నిలబడి ఉండగానే గూట్లోని ముడుపు గుర్తుకు వచ్చింది. ఇంటికి వచ్చి అమ్మతో ముడి విప్పమని ఎట్లా చెప్పేది? చెప్పలేక ఊరుకున్నాడు. గడువు దాటిపోయింది. అప్పటినుంచీ పొద్దున పొద్దున ఆ గూటికి దండం పెట్టినప్పుడల్లా, చచ్చిపోయిన నోట్లకు దండం పెడుతున్నానే అని అతని గుండె కలుక్కుమనేది. శనివారం అవే తీసుకుపోయి స్వామికి వేయాలి. అమ్మ ఇరవై ఏళ్ళ మొక్కు చెల్లుతుందా, చెల్లదా? ఈ ఒక్క ప్రశ్న అతణ్ణి తినేస్తోంది.

చచ్చిన నోట్లు మాత్రం బరువెక్కవు.

ఆ నోట్ల గొడవ రోజుల్లో వారం పాటు ఇంట్లో ఉండి, అందరి తరఫునా బ్యాంకుకు తిరిగినవాడు ఒక్కడే. తమ్ముడు గిరి. చెంగల్రాయుడు పుత్తూరు బస్సు ఎక్కాడు.

*

బస్టాండు వెనక సందులో, మిద్దె మీద ఒక గది. జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ పనులు చేసి పెట్టబడును అని బోర్డు. గిరి కంప్యూటర్ ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏమన్నా, ఇంత దూరం? ఫోన్ చేసింటే నేనే వచ్చేవాణ్ణి కదా."

"నీకు తీరికేడ ఉండాది లే అప్పా. మా మాదిరి వాళ్ళ దగ్గర పన్ను రాబట్టేదానికే పొద్దు చాలదు."

"నేను రాబట్టేది యాడన్నా. కాగితం రాసిపెడతా, అంతే. కూర్చో. టీ చెప్తా."

"చెప్పు. నీ దుడ్డుతోనే."

టీ వచ్చింది. గిరి పది రూపాయల నోటు మీద రెండు రూపాయల బిళ్ళ కూడా పెట్టడం చెంగల్రాయుడు చూశాడు.

"పోయిన నెల పది కదరా?"

"పాల ధర పెరిగిందంట."

"పాలోణ్ణి అడిగితే గడ్డి ధర అంటాడు. గడ్డోణ్ణి అడిగితే డీజిలంటాడు. డీజిలు బంకులో అడిగితే వాడు చెయ్యి పైకి చూపిస్తాడు. ఆ పైన ఎవురుండారో నీకైనా తెలుసునా? నువ్వు ఆఫీసులోళ్ళతో తిరిగేవాడివి కదా."

గిరి నవ్వాడు. "పైన ఏడుకొండలవాడు ఉండాడన్నా."

"ఆయన డీజిలు ధర పెంచడు లే." చెంగల్రాయుడు గ్లాసు కింద పెట్టాడు. "ఆయన మాట వచ్చింది కాబట్టి అడుగుతా ఉండా. అమ్మ కట్టిన ముడుపు ఎవురు విప్పినారు గిరీ?"

గిరి నవ్వు ఆగిపోయింది. కంప్యూటర్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. చెంగల్రాయుడు కాచుకున్నాడు. చిన్నప్పుడు వీడు బెల్లం తిని మూతి తుడుచుకున్నప్పుడు కూడా ఇట్లాగే కిటికీ వైపు చూసేవాడు.

"నేనే అన్నా."

"నువ్వే."

"టీవీలో చెప్పిన పొద్దు ఇంట్లో అందురూ బియ్యం డబ్బాలూ బీరువాలూ వెతుక్కొంటా ఉండిరి. ఎవురికీ ముడుపు గుర్తు రాలేదు. నాకొచ్చింది."

"నాకూ వచ్చింది."

"వచ్చి ఏం చేస్తివి?"

చెంగల్రాయుడు తల వంచుకున్నాడు. "దండం పెట్టుకొంటి."

"దండం పెడితే నోటు బతకదన్నా. ఆ ఏడు దాటినాక అది పొట్లాలు కట్టేదానికి కూడా పనికిరాదు. నువ్వు షెడ్డులో ఉండావు, అమ్మ నీళ్ళు పోసుకొంటా ఉండాది. నేను విప్పినా. నూలోళ్ళ ఇంట్లో పుట్టినోడికి ముడి విప్పేది ఒకరు నేర్పాల్నా? ఆ ఇరవై రెండూ నా ఖాతాలో వేసి, కొత్తగా వచ్చిన రెండు వేల నోట్లు పదకొండు తెచ్చి పెట్టినా. అమ్మ ఎట్ల కట్టిందో అట్లే కట్టినా. పైసా తీసుకోలేదు. మన నాయన మీద ఒట్టు."

తొమ్మిదేళ్ళుగా తాను మోస్తున్న భారం నిజానికి లేనే లేదన్నమాట. తమ్ముడి మీద కోపం రావాలో, వాడి చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు. అంతలోనే ఇంకొకటి తట్టింది.

"పదకొండు నోట్లు అంటా ఉండావే. ఆ రెండు వేల నోటును కూడా రెండేండ్ల కింద వెనక్కి తీసుకొంటామని చెప్పిరి కదరా?"

"చెప్పినారు." గిరి గొంతు తగ్గింది. "అప్పుడూ నాకు గుర్తొచ్చింది. ఇంకొకసారి విప్పేదానికి నాకు చెయ్యి రాలేదన్నా."

"ఆ మాట వదిలిపెట్టు. పదకొండు కాగితాలు పెడితే ముడుపు ఇటుక మాదిరి ఎట్ల బరువుండాది?"

గిరి చేతిలోని గ్లాసు నోటి దాకా పోకుండా ఆగింది.

"బరువా?"

"ఇంత బరువు." చెంగల్రాయుడు అరచెయ్యి చాచి పైకీ కిందికీ ఊపి చూపించాడు.

"నాకు తెలీదన్నా." గిరి గ్లాసు కింద పెట్టి బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. "ఏముంటే ఏముంది లే. ముడుపు ముడుపే. విప్పొద్దండి. శనివారం అట్లే తీసకపోయి హుండీలో వేసేయండి. ఎవురు ఏం పెట్టినారో స్వామికి తెలీదా?"

"పైసా పైసాకు బిల్లు అడిగేవాడివి, నువ్వు చెప్పే మాటేనా ఇది?"

"దేవుడి దగ్గర బిల్లు ఏందన్నా," అన్నాడు గిరి, తల ఎత్తకుండా.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెంగల్రాయుడు లెక్కలు వేసుకోలేదు. అతనికి లెక్కలు అంతగా రావు, ఏడో తరగతితోనే ఆపేశాడు. సర్కారు మీద అతనికి పగ కూడా లేదు. తమ వీధికి సిమెంటు రోడ్డు వేసింది సర్కారే. మగ్గాలకు కరెంటు తగ్గించి ఇస్తున్నదీ సర్కారే. పన్ను కట్టకుండా ఇవి యాడ నుంచి వస్తాయి? ఆ మాత్రం అతనికి తెలుసు. నూలు కొన్నప్పుడు పన్ను, రంగు కొన్నప్పుడు పన్ను, నేసిన లుంగీ అమ్మినప్పుడు పన్ను. కడతాడు. గొణుక్కుంటూనే కడతాడు.

అర్థం కానిది వేరే ఉంది. పన్ను తీసుకునేవాడు చెయ్యి చాచి అడిగి తీసుకుంటాడు, రసీదు ఇస్తాడు. కానీ అమ్మ మొక్కిన రోజు ఇరవై రెండు వేలంటే ఒక మగ్గం. పదేళ్ళకు సగం మగ్గం. ఈనాడు పాత మగ్గం డెబ్బై అయిదు వేలకు తక్కువ రాదు, అంటే మూడోవంతు కూడా కాదు. మిగిలిన మగ్గాన్ని ఎవరు తీసుకుపోయారు? ముడి విప్పకుండా, గూడు ముట్టకుండా, దేవుడి ముందు దీపం వెలుగుతూ ఉండగానే? తమ్ముడైతే విప్పానని ఒప్పుకున్నాడు. ఆ రెండోవాణ్ణి ఎక్కడికి పోయి అడగాలి?

పక్కన కూర్చున్న ముసలాయన టికెట్టు ధర పెరిగిందని కండక్టరుతో గొడవ పెట్టుకుంటున్నాడు. కండక్టరు కూడా చెయ్యి పైకే చూపించాడు.

*

కోమలి షెడ్డు పక్క పంచలో కండెల మిషను ముందు కూర్చుని ఉంది. భర్త ముఖం చూసి మిషను ఆపింది.

"ఎందుకయ్యా పుత్తూరు పోయినావు? ఒక మాట చెప్పకుండా?"

"గిరి ముడుపు విప్పినాడని నీకు తెలుసునా?"

ఆమె తెలియదని అనలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ పొద్దు చూసినా. వాకిట్లో నిలబడి."

"చూసి నాకు చెప్పకుండా ఉండావా?"

"చెప్తే నువ్వు ఏం చేసేవాడివి? ఇంకొక దండం పెట్టేవాడివి."

చెంగల్రాయుడికి ఒళ్ళు మండింది. పొద్దున తమ్ముడు, ఇప్పుడు పెళ్ళాం, ఇద్దరూ అదే మాట. "సరే. అయితే ఆ బరువు ఎవురిది కోమలీ? పదకొండు నోట్లు బరువెట్లెక్కినాయి?"

"నేనే మార్పించినా," అంది కోమలి.

కండెల మిషను మీద చెయ్యి ఆనించి, నేల చూస్తూ చెప్పుకుంటూ పోయింది. "కరోనాకు ముందటి ఏడు. ఆ రెండు వేల నోటు అంగటికి తీసకపోతే ఎవురూ తీసుకొనేవాళ్ళు కాదు. చిల్లర లేదంటారు, ఎంచి ఎంచి చూస్తారు. అంగటోడు నమ్మని నోటు దేవుడికెట్ల అని నాకు అనుమానం పుట్టింది. మగ్గం ధర అడిగిస్తే ముప్పై ఎనిమిది వేలన్నారు. ముడుపులో ఉండేది ఇరవై రెండే. అత్త ఒక మగ్గం మొక్కింది. సగం మగ్గానికి ఎవురన్నా మొక్కుతారా? నోట్లు తీసి వెండి పెట్టించినా. అర కిలో పైన ఉండాది. వెండి ఇప్పుడు ఎంతుందో నువ్వే కనుక్కో. ఆ పొద్దుకు మూడింతలు దాటిపోయింది. మగ్గంతో పాటే నడిచొచ్చింది అది. నీ నోట్లు నడుస్తాయా?"

"యాడ కొన్నావు? బిల్లేదీ?"

"బిల్లు లేదు. పాత వెండి. తెలిసిన మనిషి ఇప్పించినాడు. బిల్లంటే పన్ను పడుతుంది, ఆ పన్ను దుడ్డుకు రెండు తులాలు తగ్గుతుందన్నాడు. దేవుడి సొమ్ములో కూడా సర్కారుకు వాటా ఎందుకనుకొన్నా."

"ఎవురా మనిషి?"

"అడగొద్దయ్యా. ఎవురికీ చెప్పనని మాటిచ్చినా."

"నా ఇంట్లో ముడుపు గురించి నాకు తెలీకుండా..."

"నీ ఇంట్లోనిది కాదు రా, నాది."

ఇద్దరూ తిరిగి చూశారు. దేవకమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎంత సేపయిందో. ఎనభై దాటిన మనిషి. చెవులు మాత్రం మగ్గం ఆగితే ఏ దారం తెగిందో చెప్పగలిగే చెవులు.

చెంగల్రాయుడు గబగబా పోయి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నోటు చెల్లలేదని నీకు..."

"నాకు తెలీదనుకొన్నారా? నేను టీవీ చూళ్ళేదా? ఊరంతా ఏడస్తా ఉంటే నాకు చెవుడా?" ఆమె మెల్లగా అరుగు మీద కూర్చుంది. "దేవుడి పేరు చెప్పి కట్టిన దుడ్డును కూడా మనుషులు కాదంటారా, చూస్తామని ఊరికే ఉంటి. ఆ నోటు మీద ఏమో రాసుంటాదంట కదా, ఇంత ఇస్తానని మాట ఇస్తా ఉండానని. సంతకం కూడా ఉంటాదంట. సంతకం పెట్టినోళ్ళు మాట తప్పినారు. వేలిముద్ర వేసే దాన్ని, నేను తప్పకూడదు కదరా నాయనా. ఒకేళ నోట్లు చెల్లకపోతే, నా చేతి కడియం అమ్మి అయినా మగ్గం ఖరీదు వేసి రావాలనుకొంటి."

కోమలి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. "తప్పు చేసినానా అత్తా?"

"ఏమో తల్లీ. నా మొక్కు నిండేదానికే చేసినావు. కానీ ఏం పెట్టినావో చూడకుండా నేను స్వామికి వేయలేను. ఇద్దురు విప్పినారు. మూడోసారి నేనే విప్పుతా. దీపం వెలిగించు."

*

దీపం వెలిగింది. కర్పూరం అంటించి, గోవిందా అని మూడుసార్లు పిలిచి, దేవకమ్మ ముడి సడలించింది. పసుపు గుడ్డ విడిపోయింది. లోపల నల్లబడిన వెండి దిమ్మ, చదరంగా, రెండు వేళ్ళ మందం. మూలలు సుత్తి దెబ్బలకు గుండ్రబడి ఉన్నాయి.

దేవకమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది వెండేనని ఎవురు చెప్పాల?"

బిల్లు ఉంటే ఆ కాగితం చెప్పేది. కొన్నచోటు తెలిస్తే అక్కడికి పోయి అడిగేవాళ్ళు. నోటును నమ్మక వెండిని నమ్మారు. ఇప్పుడు వెండిని నమ్మడానికి మళ్ళీ ఎవరో ఒకరి మాట కావాలి. చెంగల్రాయుడికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"కోదండాచారి దగ్గరికి పోదాం పాండి," అన్నాడు.

కోదండాచారి వెండి పని అంగడి బజారు వీధి చివర ఉంది. తండ్రి నాటినుంచీ చెంగల్రాయుడి ఇంటి మట్టెలూ మొలతాళ్ళూ చేసింది వాళ్ళే. ఇంకా పొద్దు వాలలేదు. దేవకమ్మను ఆటోలో ఎక్కించుకుని ముగ్గురూ పోయారు.

ఆచారి అద్దాలు తుడుచుకుని దిమ్మను తిప్పి తిప్పి చూశాడు. రాతి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూశాడు. "వెండే అవ్వా. మంచి వెండి. ఈ కాలంది కూడా కాదు."

కోమలి ఊపిరి వదిలింది. చెంగల్రాయుడికి భుజాల మీదనుంచి నూలు బేలు దించినట్టు అనిపించింది. అమ్మ మొక్కు నిండింది, మగ్గానికి మగ్గం. శనివారం మొదటి బస్సుకే పోవచ్చు.

"రవ్వంత ఉండండి." ఆచారి దిమ్మను వెలుతురు వైపు వంచాడు. "ఇది కరగబోసింది కాదప్పా. రేకు. మడిచి, మడిచిందాన్ని మళ్ళీ మడిచి సుత్తితో సాగ్గొట్టినారు. కరగబోసేదానికి తీరిక లేనోళ్ళు చేసే పని." సన్న ఉలి తీసుకుని ఒక మడత సందులో పెట్టి, పట్టకారుతో మెల్లగా లాగాడు. రేకు కిర్రుమని పైకి లేచింది.

లోపల మడతలో ఎండిపోయిన గంధం. ఆ గంధం కింద, పువ్వుల తీగ అంచుతో చెక్కిన తిరునామం, సగానికి విరిగి ఉంది. దాని కింద అక్షరాలు. ఆచారి వేలితో గంధం రుద్ది, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"స్వామివారి పాదములకు... చంద్రకాంతమ్మ ఉభయము."

ఆయన పట్టకారు కింద పెట్టేశాడు. లేచి పోయి అంగడి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఏదో గుడిలో స్వామి పాదాలకు వేసే తొడుగు ఇది. ఎవురో తల్లి మొక్కుకొని చేయించింది. చెంగల్రాయా, దీన్ని ఈడ పెట్టేసి పోవద్దు. తీసకపోనూ వద్దు. పోలీసులకు ఒక మాట చెప్పకుండా నేను దీన్ని ముట్టను. ఎవురిచ్చినారు మీకు?"

దేవకమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులు గోవిందా అని కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. ఒక అమ్మ మొక్కు తీర్చడానికి ఇంకో అమ్మ మొక్కును వలిచి తెచ్చారు. దాన్ని తీసుకుపోయి తాను స్వామి హుండీలో వేయబోయింది.

"కోమలీ," అన్నాడు చెంగల్రాయుడు. "ఎవురా మనిషి?"

కోమలి గోడకు ఆనుకుపోయింది. "నాకు తెలీదయ్యా. గుడిదని నాకు తెలీదు. నోట్లు చేతికిచ్చినా, వారానికి ఇది తెచ్చిచ్చినాడు. బిల్లేదప్పా అని అడిగినా. అడిగినానయ్యా." ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఊరికే పన్ను కట్టేదెందుకు, నేను చూసుకొంటా లే వదినా, అన్నాడు."

కోమలిని వదినా అని పిలిచే మనిషి ఒక్కడే. దేవకమ్మ కన్నది ఇద్దరు కొడుకుల్నే.